దున్నడం మానేశాను, ఇంట్లో మాటలు కూడా ఆగిపోయాయి

ఈ వారం ఉత్తరం తెనాలి వైపు నుంచి వచ్చింది. రాసినావిడ పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు, పెట్టను. పెద్ద ఉత్తరం, మధ్యలో మట్టి పరీక్ష కాగితాల ఫోటోలు కూడా ఉన్నాయి, కుదించి చెప్తాను.

ఆవిడకి 36 ఏళ్లు. భర్తకి హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం, కరోనా టైములో పిల్లల్ని తీసుకుని అత్తగారింటికి వచ్చినావిడ ఇక్కడే ఉండిపోయారు. మావగారికి మోకాళ్లు పట్టేసి చేలోకి దిగలేకపోతుంటే వ్యవసాయం ఈవిడ చేతికొచ్చింది. సొంతం 3 ఎకరాలు, కౌలు 2 ఎకరాలు, అంతా కాలవ కింద నల్లభూమి. సార్వాకి వరి, వరి కోసిన తడి మీదే దున్నకుండా కర్రతో గుచ్చి మొక్కజొన్న. ఈ మొక్కజొన్న పద్ధతి ఆవిడ తెచ్చింది కాదు, మినుముకి పల్లాకు తెగులు, బంగారు తీగ పడి ఏమీ మిగలని రోజుల్లో మావగారే వాళ్ల వీధిలో అందరికంటే ముందు మొదలుపెట్టారట.

3 ఏళ్ల కిందట ఈవిడ ఫోన్లో వీడియోలు చూసి, ఒకట్రెండు మీటింగులకి కూడా వెళ్లి, దున్నితే భూమిలో ఉన్న కార్బన్ అంతా గాల్లో కలిసిపోతుందని నమ్మి వేసవి దుక్కులు ఆపించారు. పోయిన సార్వాకి ఇంకో అడుగు ముందుకేసి దమ్ము (నీళ్లు పెట్టి చేనుని బురదగా దున్నడం) కూడా వద్దని 5 ఎకరాలూ వడ్లు నేరుగా వెదజల్లించారు. ఊద, తుంగ లాంటి కలుపు చేనంతా కమ్మేశాయి, రెండుసార్లు మందు కొట్టినా మళ్లీ కూలీలని పెట్టి తీయించాల్సొచ్చింది, ఎకరాకి 32 బస్తాలు వచ్చే చోట 26 వచ్చాయి. కౌలు మాత్రం ఎప్పటిలాగే 16 బస్తాలు కొలిచారు.

అసలు గొడవ ఆ తర్వాత. మరిది అప్పు చేసి ట్రాక్టర్, రొటావేటర్ కొనుక్కున్నాడు. ఈ 5 ఎకరాల పని పోతే పోయింది గానీ, తోటికోడలు అన్న మాట ఈవిడకి గుచ్చుకుంది: "సొంత వదినే మా బండి వద్దంటే ఊళ్లో ఇంకెవరు పిలుస్తారు?" మావగారు ఒక్క మాట అనలేదట, అదే ఎక్కువ బాధగా ఉందంటారు, పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చుంటారు, చేను ఎలా ఉందని అడగడం మానేశారు. దీనికి తోడు మట్టి పరీక్షలో ఆర్గానిక్ కార్బన్ మొదట్లో 0.52 శాతం ఉన్నది ఇప్పుడు 0.49కి దిగింది. ఆ కాగితం ఇంకా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మరోపక్క ఒక కంపెనీ మనిషి ట్యాబ్ పట్టుకుని వచ్చి, దున్నకపోతే కార్బన్ క్రెడిట్ల డబ్బులొస్తాయి, 10 ఏళ్లకి సంతకం పెట్టండి అంటున్నాడట.

ఉత్తరం చివర్లో "నేను చేస్తోంది తప్పా? మావయ్యగారికి సారీ చెప్పి మళ్లీ రొటావేటర్ వేయించేయనా?" అని అడిగారు. మధ్యలో ఎక్కడో రెండు వాక్యాలు ఏదో మామూలు విషయంలా రాసి వదిలేశారు, వరిగడ్డి అత్తయ్యగారు పాడి వాళ్లకి అమ్ముకుంటారు, అది ఆవిడ చేతి ఖర్చు, మొక్కజొన్న చొప్ప మాత్రం అడ్డమొస్తుంది కాబట్టి మే నెలలో తగలబెట్టేస్తాం, ఊళ్లో అందరూ అంతే, అని.

అమ్మా, ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. నేను 30 ఏళ్లకి పైగా వ్యవసాయ శాఖలో చేసినవాణ్ణి. ఏప్రిల్ వస్తే జీపుకి మైకు కట్టుకుని ఊరూరా తిరిగి "వేసవి దుక్కులు దున్నండి" అని అరిచినవాణ్ణి కూడా. పురుగుల కోశాలు పైకొచ్చి ఎండకి, పక్షులకి పోతాయి, తుంగ గడ్డలు ఎండుతాయి, తొలకరి వాన లోపలికి దిగుతుంది అని చెప్పేవాళ్లం, ఆ మాటలు ఇప్పటికీ అబద్ధం కాదు. కాబట్టి మీ మావయ్యగారు దుక్కి కావాలనుకుంటున్నారంటే అది చాదస్తం అనుకోకండి, ఆయనకి ఆ పాఠం చెప్పింది మాలాంటి వాళ్లమే.

ఇప్పుడు దుక్కికీ కార్బన్‌కీ సంబంధం ఏంటో చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది, ఆ నమ్మకం సగమే నిజం. మట్టిలో కార్బన్ అంటే చచ్చిన వేళ్లు, ఆకులు, పేడ, సూక్ష్మజీవుల కళేబరాలు, ఇవన్నీ కుళ్లి కుళ్లి మిగిలిన నల్లటి సారం. అందులో కొంత మట్టి ఉండల లోపల, బంకమన్ను రేణువులకి అంటుకుని సూక్ష్మజీవులకి అందకుండా దాక్కుని ఉంటుంది. రొటావేటర్ తిరిగినప్పుడు ఆ ఉండలు పిండైపోతాయి, గాలి తగులుతుంది, సూక్ష్మజీవులకి పండగే, తిని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. మన మే నెల ఎండలో అయితే ఆ తిండి ఇంకా జోరుగా సాగుతుంది, చల్లటి దేశాల్లో పదేళ్లు నిలిచేది మన దగ్గర చాలా తొందరగా ఖర్చైపోతుంది. ఇంతవరకు మీరు విన్నది కరెక్టే.

మిగతా సగం ఆ వీడియోల్లో చెప్పరు. మీ చేనుని గాదె అనుకోండి. రొటావేటర్ గాదె కింద పందికొక్కు, ఒప్పుకుంటాను. పందికొక్కుని తరిమేశారు, మంచిదే. కానీ గాదెలోకి ధాన్యం పోసేవాళ్లు లేకపోతే కన్నం మూసినంత మాత్రాన గాదె నిండదు కదా. మీ గాదెలోకి పోయాల్సింది వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, పేడ, పచ్చిరొట్ట (పచ్చిగా ఉండగానే భూమిలో తొక్కే పైరు). మీరేం చేస్తున్నారు, గడ్డి ట్రక్కు ఎక్కిపోతోంది, చొప్ప పొగైపోతోంది. 26 బస్తాలంటే 2 టన్నుల వడ్లు, గడ్డి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, అందులో 40 శాతం కార్బన్ వేసుకుంటే ఎకరాకి 800 కిలోలు. మొక్కజొన్న చొప్ప మీ దిగుబడిని బట్టి 3 టన్నుల పైమాటే, అంటే ఇంకో 1200 కిలోలు. మొత్తం కలిపి ఎకరాకి ఏడాదికి 2 టన్నుల కార్బన్ చేను దాటి వెళ్తోంది. అదంతా చేలో ఉంచినా నిలిచేది చాలా తక్కువే, పదో వంతు వేసుకోండి, ఆ పదో వంతే 200 కిలోలు. రొటావేటర్ ఆపి మీరు మిగుల్చుకున్నదానికంటే అగ్గిపుల్ల గీసి పోగొట్టుకుంటున్నదే ఎక్కువ కావచ్చు. మనసుకి కష్టంగా ఉంటే క్షమించండి, కానీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట ఆగాలనిపించింది ఆ రెండు వాక్యాల దగ్గరే.

దీనికి మన దగ్గరే మంచి సాక్ష్యం ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) 1976 నుంచి నల్లరేగడిలో ఒక పెద్ద ప్రయోగం నడుస్తోంది. ఒక పక్క పాత పద్ధతి, వానాకాలం బీడు పెట్టి ఆ తర్వాత జొన్నో శనగో వేయడం. ఇంకో పక్క వెడల్పాటి బోదెలు, వాన నీటిని నిలబెట్టడం, జొన్నలో కంది, ఎరువులు. 24 ఏళ్ల తర్వాత లోతుగా తవ్వి చూస్తే మెరుగైన పద్ధతిలో హెక్టారుకి 7.3 టన్నుల కార్బన్ ఎక్కువ ఉంది, అంటే ఏడాదికి 304 కిలోలు. అక్కడ దున్నడం మానేసి సాధించింది కాదు ఇది, నేల తయారీ ఉంది, బోదెలు తోలడం ఉంది. పంట నాలుగైదు రెట్లు పండింది కాబట్టి వేళ్లు, ఆకు అంతకంత ఎక్కువ భూమిలోకి వెళ్లాయి, కంది వేరు లోతుకి దిగింది, అదీ కారణం. పంట తగ్గితే కార్బన్ కూడా తగ్గుతుందని దీని అర్థం, అందుకే మీకు తగ్గిన ఆ 6 బస్తాలు డబ్బు లెక్కలోనే కాదు, భూమి లెక్కలో కూడా నష్టమే.

అమెరికాలో కూడా ఈ పంచాయితీ నడిచింది. దున్నని పొలాల్లో కార్బన్ బాగా పెరిగిందని చాలా ఏళ్లు చెప్పారు, ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం పైన జానెడు మట్టి తీసి చేసినవే. 2007 ప్రాంతంలో కొందరు శాస్త్రవేత్తలు ఇంకా లోతుగా తవ్వి చూడండి అన్నారు, చూస్తే చాలా చోట్ల తేడా కరిగిపోయింది. దున్నని చేలో కార్బన్ పైన రెండు మూడు అంగుళాల్లో పోగవుతుంది, దున్నిన చేలో నాగలి దాన్ని కిందకి తోసి కలుపుతుంది, మొత్తం కూడితే కొన్నిచోట్ల దాదాపు సమానం, కొన్నిచోట్ల దున్నని దానిలో కొంచెం ఎక్కువ. అయితే పైన పోగవడం వల్ల లాభం లేదని కాదు సుమా, పై మట్టి మెత్తబడుతుంది, వానపాములొస్తాయి, వాన పడితే మట్టి పైన గట్టి పొర కట్టదు, తడి ఆరదు. రైతుకి అదే ముఖ్యం, వాతావరణం లెక్క తర్వాత సంగతి.

ఇక ఆ 0.49 కాగితం. దాన్ని దాచిపెట్టుకుని భయపడకండి. ఎకరంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి ఇంచుమించు 850 టన్నులు తూగుతుంది. ల్యాబులో కార్బన్ పరీక్షకి తీసుకునేది ఒక గ్రాము, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. 850 టన్నుల తరఫున ఒక గ్రాము సాక్ష్యం చెప్తోందన్నమాట. అది ఏ మూల నుంచి తీశారు, గట్టు పక్కనా, పేడ కుప్ప ఉన్న చోటా, ఏ నెలలో, ఎంత లోతు, వేరు ముక్కలు ఏరేశారా, వీటిలో ఏది మారినా 0.05 అటూ ఇటూ ఊగుతుంది. ఇక్రిశాట్ లెక్క ప్రకారం బాగా చేసినవాళ్లకి కూడా ఎకరాకి ఏడాదికి 123 కిలోలు, 3 ఏళ్లకి 370 కిలోలు, అది మొత్తం పై మట్టిలోనే ఉందనుకున్నా 0.05 శాతం కూడా నిండదు. మీ 0.03 తగ్గుదల తగ్గుదల కాదు, పెరిగి ఉన్నా అది పెరుగుదల అయ్యేది కాదు. ఇంకో సంగతి, మీరు ఫోటో పెట్టిన రెండు కాగితాల మీద తారీఖులు చూశాను, ఒకటి మే, ఇంకోటి డిసెంబరు, వరి కోసిన తడి మట్టి. రెండింటినీ పోల్చకూడదు. ఇకనుంచి ఏటా మే నెలలో, ఎకరానికి పదిహేను చోట్ల, పారతో ఇంగ్లీషు వీ ఆకారంలో గుంట తీసి అంచు వెంబడి పై నుంచి కిందకి ఒకే మందం పెళ్ల తీసి, అన్నీ గోతం మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, ఒకే ల్యాబుకి పంపండి. అయిదో ఏట చూసుకోండి, అప్పటిదాకా ఆ నంబరుతో ఎవరినీ ఒప్పించే ప్రయత్నం చేయొద్దు.

దమ్ము సంగతి ఇంకాస్త తిరకాసు. దమ్ము అంటే మట్టిని పూర్తిగా చితక్కొట్టడమే, ఉండలేమీ మిగలవు, ఆ లెక్కన కార్బన్ మొత్తం పోవాలి. కానీ వరి మడిలో నీళ్లు నిలబడి ఉంటాయి, గాలి ఉండదు, గాలి లేని చోట కుళ్లడం నెమ్మదిస్తుంది, అందుకే డెల్టా వరి భూములు ఇన్ని వందల దమ్ములు తిన్నా నల్లగానే ఉన్నాయి. దానికి వేరే ఖరీదు ఉంది, ఆ గాలి లేని బురదలోంచి మీథేన్ వస్తుంది, నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకి 27 రెట్లు వేడి పుట్టిస్తుంది. మీరు వెదజల్లినప్పుడు నిలవ నీరు తగ్గింది, మీథేన్ తగ్గి ఉంటుంది, దమ్ము డీజిలు, నీళ్లు మిగిలాయి. కానీ మట్టిలో కార్బన్ కోసం దమ్ము ఆపాను అంటే ఆ లెక్క అంత గట్టిగా నిలబడదు. మీకు కావాల్సింది మీథేన్ తగ్గడమే అయితే దమ్ము చేసి నాటు వేసి, మధ్యలో ఆరుతడి (నీళ్లు ఆరనిచ్చి మళ్లీ పెట్టడం) ఇచ్చినా చాలావరకు వస్తుంది, కలుపు కూడా అదుపులో ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇదే చేయండి అని నేను చెప్పను, నా చేను కాదు, మీ ఇంట్లో నేను ఉండను.

పూర్తిగా పాత పద్ధతికి వెళ్లిపోవచ్చు. వేసవిలో రొటావేటర్, సార్వాకి దమ్ము. ఈ ఏడాది కలుపు సగం తగ్గుతుంది, బస్తాలు తిరిగొస్తాయి, ఇంట్లో ఊపిరి ఆడుతుంది. 3 ఏళ్లలో పై రెండంగుళాల్లో మీరు పోగేసుకున్న మెత్తదనం ఒకటి రెండు సాళ్లలో పోతుంది. ఏటా రొటావేటర్ ఒకే లోతులో తిరిగితే దాని కింద గట్టి పొర కట్టుకుంటుంది, మొక్కజొన్న వేరు దాని దగ్గరే ఆగిపోతుంది, ఇది కార్బన్ గొడవ లేకపోయినా ఆలోచించాల్సిన విషయమే. ఇంకోటి, "నేను ఓడిపోయాను" అన్న భావంతో వెనక్కి వెళ్తే మాత్రం అది మీలో చాలాకాలం ఉండిపోతుంది, వెళ్తే లెక్క చూసుకుని వెళ్లండి.

లేదూ, మొండిగా ఇప్పుడున్నట్టే 5 ఎకరాలూ దమ్ము లేకుండా కొనసాగించొచ్చు. పోయినేడు రాలిన ఊద గింజలు పైనే ఉన్నాయి, దున్నలేదు కాబట్టి లోపలికి పోలేదు, ఈ ఏడాది ఇంకా గట్టిగా మొలుస్తాయి. దానికి మందు, మళ్లీ మందు. దున్నకుండా సాగు అనేది ప్రపంచంలో పెద్ద ఎత్తున పాకిందే 1960ల్లో పారాక్వాట్ లాంటి గడ్డిమందులు వచ్చాక, నాగలి స్థానంలో డ్రమ్ము వచ్చిందంతే. మీరు మొక్కజొన్నకి ముందు కొట్టే మందు డబ్బా ఒకసారి తిప్పి చూడండి, పారాక్వాట్ అయితే అది లోపలికి పోయిన మనిషికి విరుగుడు లేదు. ఇంట్లో పిల్లలున్నారు, ఆ డబ్బా ఎక్కడ పెడుతున్నారో ఉత్తరంలో రాయలేదు, ఇవాళే దానికి తాళం వేయండి, మిగతావన్నీ తర్వాత. కౌలు భూమిలో ఈ ప్రయోగం నాకు అసలు నచ్చలేదు కూడా, 16 బస్తాలు కొలవాల్సిన చోట ఆరు బస్తాల ప్రయోగం చేస్తే మీకు మిగిలేది ఏముంది, పైగా బాగుపడిన భూమిని యజమాని వచ్చే ఏడు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు.

మూడో దారి మధ్యే మార్గం, కాకపోతే దీనికి పని ఎక్కువ. వేసవిలో రొటావేటర్ వద్దు, అగ్గిపుల్లా వద్దు. మొక్కజొన్న చొప్పని నిలువుగా వదలకుండా ట్రాక్టర్‌కి తగిలించే ముక్కలు చేసే మిషన్‌తో తునకలు చేసి చేనంతా పరిచేయండి. తొలకరి తడికి దాని మధ్యలో జీలుగ అనే పచ్చిరొట్ట విత్తనం జల్లండి, గింజ కొంచెం ఎక్కువ పడుతుంది, కొంత పిట్టలు తింటాయి, పర్లేదు. సబ్సిడీ విత్తనం ఏటా ఇస్తుంటారు, రైతు సేవా కేంద్రంలో ముందే పేరు రాయించుకోండి. కాలవ వచ్చేసరికి 45 రోజులు అవుతుంది, పూతకొచ్చిన జీలుగని దమ్ములో తొక్కించండి. అవును, దమ్ములోనే, ఒకటి రెండు సాళ్లు, ఎక్కువ వద్దు. కార్బన్ కోసం దున్నకూడదన్న మీకు కార్బన్ని భూమిలోకి తొక్కడానికి మరిది బండే కావాల్సొస్తోంది చూశారా. వరి కోశాక మొక్కజొన్న ఎప్పటిలాగే దున్నకుండానే. చిక్కులు లేవా అంటే ఉన్నాయి. చొప్ప దండిగా ఉన్న చోట కుళ్లేటప్పుడు నత్రజని లాగేస్తుంది, నాట్లు వేశాక ఓ రెండు మూడు వారాలు పైరు పసుపు తిరగొచ్చు, చూసి కంగారు పడి యూరియా గుమ్మరించకండి, ఒక దఫా కాస్త ముందుకి జరపండి చాలు. పచ్చిరొట్ట, చొప్ప బురదలో తొక్కితే మీథేన్ కొంత పెరుగుతుంది, అందుకే ఆరుతడి అన్నాను. చొప్పలో కత్తెర పురుగు దాక్కుంటుందన్న భయం కూడా కొందరికి ఉంది, తునకలు ఎంత చిన్నగా చేస్తే అంత మంచిది.

దమ్ము లేకుండా వెదజల్లడం మీద మీకు ఇంకా మనసుంటే సొంత భూమిలో ఒక్క ఎకరం ఉంచుకోండి, కాలవకి దగ్గరగా, చదునుగా ఉన్నది. గింజ వేయకముందే ఒకసారి తడిపెట్టి మొలిచిన కలుపుని చంపి అప్పుడు వేయండి. 3 ఏళ్లు ఆ ఎకరం, పక్క ఎకరం బస్తాలు, ఖర్చు నోట్‌బుక్‌లో రాయండి. తుంగ మరీ ముదిరితే ఆ ఎకరం ఒక వేసవి దున్నేయండి, పాపమేం కాదు, ఆస్ట్రేలియాలో ఎన్నో ఏళ్లుగా దున్నకుండా చేసే రైతులు కూడా మందులకి లొంగని కలుపు వస్తే చాలా ఏళ్లకోసారి నాగలి దింపుతారు, దానివల్ల వాళ్ల భూమి మొదటికి రాలేదు.

అత్తయ్యగారి గడ్డి డబ్బుల జోలికి మాత్రం వెళ్లకండి. కార్బన్ లెక్కలో అది కూడా చేను దాటి పోతున్నదే, నిజమే, కానీ ఆ ఇంట్లో ఆవిడ చేతిలో స్వతంత్రంగా ఉన్నది ఆ నాలుగు రూపాయలే అయ్యుంటాయి. మీకు చొప్ప ఉంది, జీలుగ ఉంది, అవి చాలు. వీలైతే గడ్డి కొనుక్కునే పాడి వాళ్లని డబ్బుకి బదులు కొంత పేడ ఎరువు తోలమని అత్తయ్యగారి చేతే అడిగించండి, కుదిరితే కుదిరింది.

కార్బన్ క్రెడిట్ల సంతకం గురించి. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకి ఒక క్రెడిట్. ఎకరాకి ఏడాదికి 123 కిలోల కార్బన్ అంటే బొగ్గుపులుసు వాయువు లెక్కలో అర టన్నుకి కొంచెం తక్కువ, అర క్రెడిట్ అనుకోండి. సొంతం 3 ఎకరాలకి ఒకటిన్నర. క్రెడిట్ వెయ్యి రూపాయలు పలికిందనే అనుకోండి, 1500. అందులో వాళ్ల వాటా, కొలిచేవాళ్ల ఖర్చు, తనిఖీ ఖర్చు పోను మీకెంతో అడగండి. మీ ఉత్తరంలో రొటావేటర్ గంటకి 1400 అని రాశారు, ఒక సాలు మానుకుంటే అంతకంటే ఎక్కువే మిగుల్తోంది మీకు, సంతకం లేకుండా. ఇంకో ముఖ్యమైన పాయింటు, క్రెడిట్ అనేది కొత్తగా చేసిన పనికి ఇచ్చేది. మీ ఊళ్లో దున్నకుండా మొక్కజొన్న ఎన్నో ఏళ్లుగా అందరూ వేస్తున్నదే, మీ వేసవి దుక్కులు ఆగి 3 ఏళ్లు అయింది, ఇదంతా కొత్త కింద ఎలా చూపిస్తారో ఆ ట్యాబ్ అబ్బాయిని అడగండి, అతని మొహం చూస్తే మీకే తెలుస్తుంది. నాలుగో ఏట కలుపు పెరిగి ఒకసారి దున్నాల్సొస్తే ఏమవుతుంది, మధ్యలో మానుకోవచ్చా, ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారా, భూమి పట్టా మావయ్యగారి పేరున ఉంటే సంతకం ఎవరు పెట్టాలి, కౌలు భూమికి యజమాని ఒప్పుకున్నాడా, ఇవన్నీ తెలుగులో రాసిన కాగితం మీద చూపించమనండి. అందరూ మోసగాళ్లని నేను అనను, మంచి పథకాలు రావచ్చు, కానీ ఇంట్లో అందరూ కూర్చుని చదవకుండా 10 ఏళ్ల కాగితం మీద వేలిముద్రైనా వేయొద్దు.

మరిది విషయం. తోటికోడలు మాట గుచ్చుకుంది సరే, ఆ మాట వెనక నెలనెలా కట్టాల్సిన ఇన్‌స్టాల్‌మెంట్ ఉంది. మీరు ఆయన దగ్గరికి "దున్నొద్దు" అని వెళ్లారు, ఈసారి "ఒక పని ఉంది" అని వెళ్లండి. చొప్ప ముక్కలు చేసే మిషన్ని మొదటి ఏడు కొనమనొద్దు, అద్దెకి తెచ్చి మీ 5 ఎకరాల్లో తిప్పమనండి, రొటావేటర్‌కి ఇచ్చిన రేటే ఇవ్వండి, బంధువులం కదా అని తగ్గించొద్దు. మే నెలలో ఊరంతా చొప్ప తగలబెడుతున్నారంటే ఆ పని చేసేవాడు లేకనే కదా, ఊళ్లో ఇంకో నలుగురు అడిగితే అప్పుడు ఆయనే లెక్క వేసుకుంటాడు. ఎవరూ అడక్కపోతే అద్దె డబ్బుతో పోయింది, కొత్త అప్పు నెత్తిన పడలేదు. దమ్ము పని ఎలాగూ ఆయనకి తిరిగొస్తుంది.

మావయ్యగారికి సారీ చెప్పాలా అని అడిగారు. దున్నడం మానేసినందుకు అక్కర్లేదు, అడక్కుండా 5 ఎకరాలూ ఒకేసారి మార్చినందుకు చెప్పండి, అది వేరే. చెప్పేముందు ఒక పార తీసుకుని పొద్దున్నే చేలోకి వెళ్లండి, మీ చేలో ఒక పెళ్ల, ఏటా రొటావేటర్ వేసే పక్క చేలో అడిగి ఒక పెళ్ల, తవ్వి రెండూ తట్టలో పెట్టుకుని అరుగు మీదకి తీసుకురండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి చిన్న చిన్న ఎండు బెడ్డలు వేయండి. ఒకటి వేసీ వేయగానే విచ్చిపోయి నీళ్లు బురదౌతాయి, ఇంకోటి కాసేపు నిలబడుతుంది. ఏది ఏదో నేను చెప్పను, మీది కూడా విచ్చిపోవచ్చు, చొప్ప తగలబెట్టారు కాబట్టి. మీరేం వివరించొద్దు, పేపరు పక్కన పెట్టి ఆయనే చూస్తారు, ఆయన చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసే మనిషి అయ్యుంటారు, ఆ తరం వాళ్లు అంతే. అప్పుడు అడగండి, మినుము పోయి దిక్కు తోచని ఆ ఏడాది మొట్టమొదటిసారి దున్నకుండా కర్రతో గుచ్చి మొక్కజొన్న వేస్తుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లు ఆయన్ని ఏమన్నారో.